గుడ్డ కోసే చక్రంతో ఫ్లెక్సీ, ట్యూబు, తోలు: ఒక సంచి డైరీ

శనివారం

మా మరిది ఒక ఫ్లెక్సీ చుట్ట తెచ్చి వరండాలో పడేశాడు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఎవరి పుట్టినరోజుకో మా వీధి చివర కట్టారు, గాలికి ఒక మూల చిరిగితే దింపేశారట. "వదినా, సంచులు కుడతావుగా, దీంతో ఒకటి కుట్టు చూద్దాం. లేదంటే వాటర్ ట్యాంకు మీద కప్పేస్తా" అన్నాడు. మన దగ్గర ఫ్లెక్సీలు చివరికి చేరేది అక్కడికే. కోళ్ల షెడ్డు చుట్టూ, ధాన్యం కుప్ప మీద, బండి మీద కవరుగా.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది. నవంబరు 1 నుంచి అని మొదట, 2023 జనవరి 26 నుంచి అని తర్వాత. బెజవాడలో ఏ సెంటర్లో నిలబడి తల ఎత్తినా నిషేధం ఎంత జరిగిందో తెలిసిపోతుంది. ముడిసరుకుకి ఇప్పట్లో లోటు రాదు.

సంచి ఇలా అనుకున్నాను. కూరగాయల మార్కెట్‌కి పట్టుకెళ్లేది, 40 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు, 12 మందం. ఒళ్లంతా ఫ్లెక్సీ, అడుగు రెక్సిన్, అడుగు లోపల బిగుసుగా ఉండడానికి ఫోమ్ షీటు, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు తొడుగు, జిప్పుకి తోలు లాగుడు. కత్తెర ముట్టుకోకుండా, అన్నీ రోటరీ కట్టర్‌తోనే కోయాలన్నది పందెం. బొంతలకీ దిండు గలీబులకీ గుడ్డ కోయడానికి కొన్న పరికరం అది. గుడ్డ కానివాటిని ఎంతవరకు కోస్తుందో చూడాలని చాన్నాళ్లుగా ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పిడి చివర గుండ్రటి బ్లేడు ఉంటుంది, స్కేలు అంచున ఆనించి దొర్లిస్తే కింద ఉన్నది తెగుతుంది. కింద కటింగ్ మ్యాట్ ఉండాలి. జపాన్‌లోని ఒసాకా కంపెనీ ఓల్ఫా 1979లో దీన్ని తెచ్చింది. బ్లేడు సైజులు మామూలుగా 18, 28, 45, 60 మిల్లీమీటర్లు. నా దగ్గర 28, 45 ఉన్నాయి, 60 ఒక స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చాను.

ఆదివారం

కోయడానికి ముందు కడగడం. ఇది శుభ్రం కోసం కాదు, బ్లేడు కోసం. రోడ్డు మీద నెలల తరబడి వేలాడిన ఫ్లెక్సీ మీద సన్నటి ఇసుక అతుక్కుని ఉంటుంది, ముఖ్యంగా మడతల్లో. ఉక్కు అంచుకి ఇసుకను మించిన శత్రువు లేదు. మేడ మీద పరిచి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో రెండు వైపులా మెత్తటి బ్రష్షుతో రుద్ది, గొట్టంతో కడిగి ఆరేశాను. తాడు కట్టడానికి ఇనప రింగులు బిగించిన కన్నాలున్న అంచు మొత్తం ముందే పక్కన పెట్టేశాను. బ్లేడు ఒక్కసారి ఆ కన్నం మీదికెక్కితే పని అయిపోయినట్టే.

ఆరేలోగా నమూనాలు కోశాను. పాత క్యాలెండర్ అట్టల మీద గీసుకుని, గుడ్డకి పనికిరాకుండా పోయిన బ్లేడుతో. "కాగితానికి కొత్త బ్లేడు వాడకు" అని బొంతలు కుట్టేవాళ్లందరూ చెప్పేదే, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. కాగితం మెత్తగానే ఉంటుంది. కానీ తెల్లగా, నున్నగా రావడానికి అందులో సుద్దపొడి, చైనా మట్టి కలుపుతారు. క్యాలెండర్లు, పత్రికల అట్టల్లాంటి మెరిసే కాగితానికైతే పైన పూతే అది. అంటే కోసిన ప్రతిసారీ అంచు ఖనిజపు పొడిని రాసుకుంటూ పోతోంది. గట్టిదనం చూసి బ్లేడుకి ఏది చేటో చెప్పలేం, లోపల ఏం కలిపారో చూడాలి.

ఫ్లెక్సీకీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో పాలిస్టర్ దారాల వల, రెండు పక్కలా పీవీసీ. ధర తగ్గడానికి ఆ పీవీసీలో సుద్దపొడి బాగానే దట్టిస్తారు. పాత ఫ్లెక్సీని నాలుగుసార్లు మడిచి విప్పితే మడత మీద తెల్లగా గీత తేలుతుంది చూడండి. కాబట్టి దీనికి కొత్త బ్లేడు పెట్టినా, కోత పూర్తయ్యాక అది మళ్లీ పట్టుచీర ముక్క మీదికి వెళ్లదు.

మంగళవారం రాత్రి

ఫ్లెక్సీ కోత. నమూనా పక్కన పెట్టి స్కేలు లెక్కలతోనే కోశాను. ముందు వెనక రెండు ముక్కలు 42 × 37, పక్కలు రెండు 14 × 37, అంతా కుట్టు కోసం చుట్టూ ఒక సెంటీమీటరు కలుపుకుని.

గుడ్డతో పోలిస్తే మొదట తేడా తెలిసింది స్కేలు దగ్గర. నూలు గుడ్డ మీద ప్లాస్టిక్ స్కేలు కాస్త పట్టుకుని కూర్చుంటుంది. ఫ్లెక్సీ నున్న పక్క పైకి పెడితే నూనె రాసినట్టు జారుతుంది. సన్న గరుకు కాగితం చిన్న గుండ్రాలుగా కోసి స్కేలు వెనక రెండు చివర్లా, మధ్యలో అంటించాక కదలడం ఆగింది. ఇంకో ఉపాయం, ప్రింటు లేని వెనకవైపు పైకి పెట్టి కోయడం. అది కాస్త మసక, పట్టు ఎక్కువ. బొమ్మ ఎక్కడ పడాలో ముఖ్యం కాకపోతే అదే మంచిది. నాకైతే పుట్టినరోజు ఆసామీ ముఖం సంచి మీద పడకూడదు, వెనక ఆకాశం, పూలదండలు మాత్రమే కావాలి. అందుకని ముందువైపే పెట్టి కోశాను.

రెండు పొరలు కలిపి కోసి చూశాను, తెగుతుంది. కానీ పీవీసీ మీద పీవీసీ అతుక్కుంటుంది, సరిచేద్దామని లాగితే కింది పొర కూడా వస్తుంది. ముక్క సరళంగా రావాలంటే ఒక్కో పొరే నయం. బలం కూడా గుడ్డకి పెట్టినదానికన్నా పెద్ద ఎక్కువేం కాదు. మణికట్టుతో కాకుండా భుజంతో నొక్కాలి, నిలబడి కోయాలి. భోజనాల బల్ల ఎత్తు చాలదు, వంటింటి గట్టు ఎత్తు సరిగ్గా సరిపోతుంది. అలాగని గట్టు మీద నేరుగా కోయకండి. కడప బండ తగిలితే ఎంత కొత్త బ్లేడయినా ఒక్క గీతతో మొద్దు. మ్యాట్ పరవాల్సిందే.

ఒక చోట కోత అంతా బాగుంది, ముక్క లేపితే మాత్రం అక్కడక్కడ ఒక్కో దారం తెగకుండా వేలాడుతోంది. టేపు పెట్టి కొలిస్తే ఆ దారాల మధ్య దూరం ప్రతిసారీ 14 సెంటీమీటర్లే. 45 మిల్లీమీటర్ల బ్లేడు చుట్టుకొలత 141 మిల్లీమీటర్లు. అంటే బ్లేడు మొద్దుబారలేదు, అంచున ఒకే ఒక్క చోట గాటు పడింది, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ గాటు కిందికి వచ్చి దారాన్ని వదిలేస్తోంది. ఇది గుర్తుపెట్టుకోదగ్గ లెక్క. 28 బ్లేడుకి 88 మిల్లీమీటర్లు, 60కి 188. వదిలిన దారాలు సమదూరంలో ఉంటే గాటు. ఎక్కడపడితే అక్కడ ఉంటే బ్లేడు మొద్దు, లేదా మ్యాట్‌లో గాడి పడి ఉంది. మొదటి రకం బ్లేడు గుడ్డకి పనికిరాదు, కాగితానికి, అట్టకి ఇంకా బ్రహ్మాండంగా పనికొస్తుంది. వాటిలో వదిలిన చోటు గోటితో గీరినా విడిపోతుంది.

అల్యూమినియం ఫాయిల్ మడతలు పెట్టి కోస్తే బ్లేడు మళ్లీ పదునవుతుందని చాలామంది చెబుతారు. ఆ గాటు బ్లేడుతోనే చేసి చూశాను. అంచున అంటుకున్న పీవీసీ జిగురు కాస్త పోయింది, కోత కొంచెం తేలికైంది. గాటు ఉన్నచోటే ఉంది. రాపిడికి అరిగిన అంచుని మెత్తటి రేకు తిరిగి పుట్టించలేదు కదా. దానికన్నా స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో బ్లేడు తుడవడం సులువు, ఫలితం అంతే. తుడిచేటప్పుడు బ్లేడు మధ్య నుంచి బయటికి తుడవాలి, అంచు వెంబడి వేలు పోనివ్వకూడదు.

గురువారం

రెక్సిన్ గురించి ఎక్కువ రాయడానికేం లేదు. వెనక గుడ్డ ఉంటుంది కాబట్టి మ్యాట్‌ని పట్టుకుంటుంది, సాగదు. ముఖం పైకి పెట్టి కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. 42 × 14 ముక్క ఒక్క గీతలో తెగింది. సోఫాలకి వాడే మందపు రకమైతే రెండుసార్లు దొర్లించాలి.

అసలు పని సైకిల్ ట్యూబు దగ్గర.

ట్యూబు కోసం మా వీధి సైకిల్ షాపుకి వెళ్లాను. "ఏంటమ్మా, సైకిలెక్కడ?" అన్నాడు బాబాయ్. సైకిల్ లేదు బాబాయ్, పంచర్లు పడి పడేసిన ట్యూబులుంటే కావాలన్నాను. ఎందుకో చెప్తే నవ్వి, మూలనున్న గోనెసంచి కుమ్మరించాడు. "ప్యాచీలు లేనిది ఏరుకో. ప్యాచీ దగ్గర నీ మిషను సూది ఇరుగుద్ది." ఈ సలహా బ్లేడుకి కూడా పనికొచ్చింది. ప్యాచీ అంచు మెట్టులా ఉండి, చక్రం అక్కడ ఎగిరి దిగుతుంది.

ట్యూబు లోపల అంతా తెల్లపొడి. రబ్బరు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లుతారు. వాల్వు ఉన్నచోట కోసి తీసేసి, పొడుగునా చీల్చి, సబ్బుతో కడిగి ఆరబెట్టాను. పొడుగునా చీల్చడం మాత్రం స్కేలు లేకుండా చేయొచ్చు. ట్యూబు లోపలి వంపు మీద అచ్చు పోసినప్పటి సన్నటి గీత ఉంటుంది, దాని వెంటే దొర్లించుకుంటూ పోతే చాలు.

పరిచాక కష్టం మొదలు. రబ్బరు కోతకి అడ్డం తిరగదు, పారిపోతుంది. బ్లేడు ముందు చిన్న అలలా లేచి, స్కేలు కింద సాగి, వదిలేశాక వెనక్కి ముడుచుకుంటుంది. 8 సెంటీమీటర్ల పట్టీ కోశాననుకుంటే ఒక చివర 8, మధ్యలో ఏడున్నర. కొత్త బ్లేడు వేసినా అంతే. ఇక్కడ పదును చాలక కాదు, రాపిడి ఎక్కువై. బ్లేడు పక్కలు రబ్బరుని పట్టుకుని లాగుతున్నాయి.

మూడు మార్పులు కలిసి పని చేశాయి. వెడల్పాటి మాస్కింగ్ టేపు ట్యూబు వెనక పొడుగునా అంటించాను, దాంతో రబ్బరు సాగడం మానేసింది. బ్లేడుకి రెండు పక్కలా సబ్బునీళ్ల చుక్క రాశాను. 45 తీసేసి 60 వేశాను. పెద్ద చక్రం వస్తువు మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది, చిన్నది ఢీకొట్టినట్టు ఎక్కుతుంది. ఎడ్లబండి చక్రం గుంట దాటినంత తేలిగ్గా చిన్న బండి చక్రం దాటదు కదా, ఇదీ అంతే. పట్టీలు రెండూ అంచు నుంచి అంచుకి ఒకే వెడల్పు వచ్చాయి. పని అవగానే బ్లేడు విప్పి పొడిగా తుడిచి, ఒక చుక్క మిషన్ నూనె రాశాను. సబ్బునీళ్లు వదిలేస్తే కృష్ణ ఒడ్డు గాలికి తెల్లారేసరికి తుప్పు చుక్కలు.

శనివారం

ఫోమ్. అడుగు కోసం 3 మిల్లీమీటర్ల ఈవీఏ షీటు తెచ్చాను, పిల్లల క్రాఫ్టు సామాను అమ్మే చోట దొరికేదే. ఒక్క గీత, నిట్టనిలువు అంచు, అద్భుతం. ఉత్సాహం వచ్చి ఇంట్లో ఉన్న 10 మిల్లీమీటర్ల ముక్క మీద ప్రయత్నించాను. కోసినట్టే ఉంది కానీ అంచు ఏటవాలు, పైన ఒక కొలత, కింద ఇంకో కొలత. కారణం చక్రం పనిచేసే తీరులోనే ఉంది. అది నొక్కి కోస్తుంది. ఫోమ్ నొక్కుకుపోయి, నొక్కుకున్న ఆకారంలోనే తెగి, బరువు తీయగానే ఉబ్బుతుంది. పైగా 45 బ్లేడులో సగం పిడి లోపలే ఉంటుంది, బయటికి కనిపించే అంచు లోతు తక్కువ. మందం పెరిగితే పిడి ఫోమ్‌కి తగులుతుంది.

దీనికి సరైన పరికరం పొడుగాటి కటర్ బ్లేడు, లాగి కోసేది. ముక్కలు ముక్కలుగా విరుచుకునే ఆ బ్లేడు కూడా 1956లో ఓల్ఫా వ్యవస్థాపకుడు యోషియో ఒకాడా చేసిందే. విరిగిన గాజు అంచులు, గళ్లుగళ్లుగా విరిచే చాక్లెట్ చూసి తట్టిందని కంపెనీ చెప్పుకునే కథ. ఒకే కంపెనీ లాగి కోసేది ఒకటి, దొర్లించి కోసేది ఒకటి ఇచ్చిందంటే రెంటికీ వేరు వేరు పనులు ఉన్నాయనే. బిర్రుగా, పల్చగా, చదునుగా ఉంటే చక్రం. మెత్తగా, మందంగా ఉంటే కత్తి. పందెం మాట ఎలా ఉన్నా, 5 మిల్లీమీటర్లు దాటిన ఫోమ్‌కి నేను చక్రం పట్టను.

తోలు సాయంత్రం. జిప్పు లాగుడుకి చిన్న ముక్క చాలు, చెప్పులు కుట్టే పెద్దాయన మిగులు ముక్కలు ఇచ్చాడు. రెండు రకాలున్నాయి. ఒకటి బెరడు రసంతో ఊనినది, అంటే పచ్చితోలు కుళ్లకుండా శుద్ధి చేసినది, బిగుసుగా, అట్టలా. రెండోది క్రోమియం లవణాలతో ఊనినది, మెత్తగా సాగేది. బిగుసు తోలు ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకు 45 బ్లేడు వెన్నలా కోస్తుంది. మెత్తది మాత్రం రబ్బరు వేషాలే వేస్తుంది, మళ్లీ మాస్కింగ్ టేపే గతి. ఆకు ఆకారంలో కోయాలనుకున్నాను కాబట్టి వంపులకి 28 వాడాను, అట్ట నమూనా గీత చూసుకుంటూ చేత్తో.

చక్రానికి చేతకాని పని ఇక్కడ బయటపడింది. లోపలి మూల. బ్లేడు గుండ్రం కాబట్టి కింద మ్యాట్ వైపు మూల దాకా తెగాలంటే, పైవైపు మూల దాటి పోవాలి. మందం ఎక్కువయ్యేకొద్దీ దాటేది ఎక్కువ. ఆకు కాడ దగ్గర రెండు మిల్లీమీటర్లు ముందే ఆపి కత్తి మొనతో తెంపాను. మధ్యలో కన్నాలైతే చక్రంతో అసాధ్యమే. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలు మీద వేసే వందల కన్నాలు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల నగల చెక్కుడంతా సన్న ఉలులతో, మొలలతో కొట్టి తెరిచేది. దొర్లించి కోసేది ఏదీ అందులో దూరలేదు.

ఈ పనంతా చూస్తూ మా అత్తగారు, "కజ్జికాయల అంచు కోసే పళ్లచక్రం లాంటిదేగా, డైమండ్ బిస్కెట్లకి ఇది పట్టుకో" అన్నారు. వద్దన్నాను. కొత్త బ్లేడు మీద తుప్పు పట్టకుండా నూనె ఉంటుంది, నాది ఇప్పుడు పీవీసీ, రబ్బరు, తోలు అన్నీ చూసింది. పిండికి పిండి చక్రమే.

ఆదివారం మధ్యాహ్నం

కుట్టు. కట్టర్ డైరీలో కుట్టు గురించి క్లుప్తంగా. ఫ్లెక్సీకి గుండుసూదులు గుచ్చకూడదు, పడ్డ కన్నం పూడదు. బట్టలారేసే క్లిప్పులు పెట్టాను. 18 నంబరు సూది, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు. చిన్న కుట్టు వేస్తే తపాలా బిళ్ల చుట్టూ కన్నాల్లా అయి అక్కడే చిరుగుతుంది. పాదం అతుక్కుంటుంటే దాని కింద మాస్కింగ్ టేపు ముక్క అంటించాను. హ్యాండిల్‌కి నైలాన్ పట్టీ పెట్టి, చేతికి తగిలేచోట ట్యూబు తొడిగి రెండు వరసలు కుట్టాను.

పక్కముక్కలు, ముందుముక్కలు మూలలు కలిశాయి. కత్తెరతో కోసిన ఫ్లెక్సీ సంచుల్లో ఇది కుదరక చివర్లో లాగి సర్దడం మామూలు. గుడ్డ అయితే లాగితే సర్దుకుంటుంది, ఫ్లెక్సీ సర్దుకోదు, ముడత పడుతుంది. ఇలాంటి సాగని వస్తువుకే తిన్నని కోత ఎక్కువ అవసరం.

పది కిలోల బియ్యం బస్తా పెట్టి వరండా కొక్కేనికి రాత్రంతా తగిలించాను. హ్యాండిల్ కుట్టు దగ్గర కన్నాలు కొంచెం సాగాయి, చిరగలేదు. తర్వాతి సంచికి అక్కడ లోపలివైపు రెక్సిన్ ముక్క వేయాలి.

సోమవారం, సర్దుడు

మ్యాట్ సంగతి. దీని మీద గుడ్డ కోత గీతలు మూసుకుపోతాయి, ఎందుకంటే సన్నటి బ్లేడు పీవీసీ పొరని పక్కకి జరుపుతుందే తప్ప తీసేయదు. తోలుకి గట్టిగా నొక్కిన చోట మాత్రం గాడి మిగిలింది. ఫ్లెక్సీ దారప్పోగులు కూడా గాట్లలో ఇరుక్కున్నాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్షుతో చాలావరకు వచ్చాయి. వేడినీళ్లు పోయొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు, కారు వెనక సీట్లో వదలొద్దు. బెజవాడ మే నెల ఎండకి ఒక మధ్యాహ్నం చాలు, మ్యాట్ అప్పడంలా వంకర తిరగడానికి. ఇకమీదట ఫ్లెక్సీ, తోలు పనికి మ్యాట్ వెనకవైపు వాడతాను. ముందువైపు గుడ్డకే.

బ్లేడులకి మూడు డబ్బాలు పెట్టాను. పర్మనెంట్ మార్కర్‌తో ఒకదాని మీద గుడ్డ, ఒకదాని మీద ప్లాస్టిక్, ఒకదాని మీద కాగితం. బ్లేడు ఆ వరసలోనే కిందికి దిగుతుంది, పైకి ఎక్కదు. కాగితం కూడా కోయలేని స్థితికి వచ్చాక పాత బోర్న్‌విటా డబ్బాలోకి. నిండాక టేపు చుట్టి, పైన "బ్లేడులు" అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్తబండి అమ్మాయి చేతికి చెప్పి ఇవ్వాలి. సంచిలో విడిగా పడేస్తే తెగేది ఆమె చెయ్యే.

చేతులకి కూడా ఒక మాట. ఫ్లెక్సీకీ తోలుకీ బలం పెట్టి నొక్కుతాం కాబట్టి, జారితే గుడ్డ కోసేటప్పటికన్నా దెబ్బ పెద్దది. స్కేలు పట్టుకునే చేతికి తెగని గ్లవ్ వేసుకున్నాను, వేళ్లు అంచుకి దూరంగా. ఒక్కో గీత కాగానే బ్లేడు మూయడం, ఫోన్ మోగినా ముందు బ్లేడు మూసే ఎత్తడం.

మరిది సంచి చూసి ఇలాంటివే తన ఆఫీసులో వాళ్లకి కొన్ని కావాలన్నాడు. చుట్టలో ఇంకా సగం పైన మిగిలి ఉంది. ఈసారి రెండు ముఖాలూ ఒకే బ్లేడుతో కోసి, గాటు పడేదాకా ఎన్ని మీటర్లు వస్తుందో టేపుతో కొలిచి రాసుకుంటాను. అరువు తెచ్చిన 60 కట్టర్ బుధవారం తిరిగి ఇచ్చేయాలి, ఈలోపు ట్యూబు పట్టీలు అన్నీ కోసి పెట్టుకోవాలి. సైకిల్ షాపు బాబాయ్ ఇంకో గోనెసంచి తీసి ఉంచుతానన్నాడు.